నిలబడి మొక్కిన మలుపు

కరుణశ్రీ పెళ్లికొడుకు పందిట్లోకి టమాటా బుట్టల మధ్య కూర్చుని వచ్చాడు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు తనివి తీరదు. పెళ్లయి ఇంకా నెల తిరగలేదు గాని, జగదల్‌పూర్‌లో వాళ్ల వీధిలో ఈ కథ విననివాళ్లు లేరు. అత్తగారు పోలమ్మ అయితే "మళ్లీ మొదలెట్టినాది" అని చెవులు మూసుకుంటుంది. మూసుకుని నవ్వుతుంది.

జరిగింది ఇదీ. పెళ్లి కిరందూల్‌లో, కరుణశ్రీ పుట్టి పెరిగిన రైల్వే క్వార్టర్ల పక్క మైదానంలో. బంధువులంతా బస్సులో ముందే చేరిపోయారు. పెళ్లికొడుకు సునీల్‌కుమార్ వెనకాల కారులో వస్తున్నాడు. దారిలో గీదం ఊరు ఇంకా రానేలేదు, కారు పొగ కక్కి ఆగిపోయింది. ముహూర్తం ముంచుకొస్తోంది. సునీల్ పట్టుపంచెతో, బాసికం చేత్తో పట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డాడు. ఎదురుగా టమాటాలు వేసుకుని జగదల్‌పూర్ మండీకి పోతున్న పికప్ ఒకటి వచ్చింది. ఆవపల్లి వెంకన్నది ఆ బండి. అతను తల బయటికి పెట్టి పట్టుపంచెను చూశాడు, బాసికాన్ని చూశాడు, పొగ కక్కుతున్న కారును చూశాడు. ఇంకేమీ అడగకుండా బండిని వచ్చిన దారినే తిప్పేశాడు. ముందు సీట్లో అప్పటికే ఇద్దరు ముసలివాళ్లున్నారు. అందుకే పెళ్లికొడుకు వెనక, బుట్టల మధ్య.

కిరాయి ఇవ్వబోతే వెంకన్న పుచ్చుకోలేదు. భోంచేసి, వంటవాళ్లకు ఒక బుట్ట దించి, మిగతా సరుకుతో వెళ్లిపోయాడు. ఆ రోజు పెళ్లిభోజనంలో చారు అతని టమాటాలదే. కరుణశ్రీ అంత రుచైన చారు పుట్టాక తాగలేదు. ఆ రోజు ఆమెకు ఏది పెట్టినా అలాగే ఉండేదని పోలమ్మ అభిప్రాయం.

కొత్త కాపురంలో కరుణశ్రీకి అన్నీ వింతే. పొద్దున్నే దోమతెర మడతపెట్టడానికి సునీల్ ఒక అంచు, తను ఒక అంచు పట్టుకుంటే ముచ్చటే. అతను టీ గ్లాసు సాసర్‌లో కాక పుస్తకం మీద పెడితే అదీ ముచ్చటే. అతను ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాడు. దానితోపాటు ఇంకో పని ఉంది. ఎక్కడైనా బండి బోల్తాపడితే అది ఎలా పడిందో తేల్చమని పోలీసు థానాల నుంచి పిలుపు వస్తుంది. ఆ పని ఏమిటని స్నేహితురాలు బిందు అడిగితే కరుణశ్రీ ఇలా చెప్పింది: పడిపోయిన బండిని మనసులోనే వెనక్కి దొర్లించి, మళ్లీ చక్రాల మీద నిలబెట్టి, అంతకుముందు క్షణంలో ఏం జరిగిందో చూడటం. చెప్పాక ఆ మాట తనకే ఎంతో నచ్చి, ఆ సాయంత్రం సునీల్‌కు కూడా చెప్పింది.

ఒకరోజు అలాంటి పిలుపే వచ్చింది. ఫోన్ పెట్టేశాక సునీల్ సంగతి చెప్పాడు. ఆవపల్లి నుంచి బీజాపూర్ వచ్చే దారిలో కొండ ఎక్కిదిగే చిన్న ఘాటీ మలుపులో ఒక పికప్ బోల్తాపడింది. సంతకు పోతున్న జనం, వడ్ల మూటలు. దేవుడి దయ, ఎవరి ప్రాణమూ పోలేదు. ఒకామెకు మణికట్టు విరిగింది, మిగతావాళ్లకు దెబ్బలు. డ్రైవర్ వెంకన్న మీద అతివేగం కేసు, లైసెన్సు రద్దుకు కాగితాలు సిద్ధం.

"ఏ వెంకన్నండీ? మన వెంకన్నేటి?"

మన వెంకన్నే.

సునీల్ ఫోన్‌లోనే చెప్పేశాడు, ఆ మనిషి తన పెళ్లికి ఉపకారం చేసినవాడని, ఇంకెవరినైనా పిలుచుకోమని. ఈ చుట్టుపక్కల ఇంకెవరూ లేరు, నువ్వే రా అన్నాడట థానేదార్. కరుణశ్రీ మొహం వెలిగిపోయింది. ఇంకేం, వెంకన్న బయటపడ్డట్టే కదా అంది.

"అలా అనుకోకు కరుణా. ఆయన నన్ను పందిట్లో దింపాడని బండి వేగం తగ్గిపోదు. లెక్క ఎలా వస్తే అలా రాస్తాను."

ఆమెకు చివుక్కుమంది. పులిహోరకు చింతపండు పిసుకుతూ కాసేపు అలిగింది. పోపు వేసేసరికి, అలాంటివాడినే కదా చేసుకున్నాను అనిపించి అలక పోయింది. మర్నాడు తనూ వస్తానంది. కొత్త పెళ్లాన్ని బోల్తాపడిన బండి దగ్గరకు తీసుకెళ్తారా ఎవరైనా అని పోలమ్మ గునిసింది. గునుస్తూనే పులిహోర డబ్బాకు మూత బిగించి ఇచ్చింది.

థానా జీపులో ఆ మలుపు చేరారు. ఆవపల్లి నుంచి వస్తుంటే అక్కడ దారి కుడికి తిరుగుతుంది. ఎడమ పక్క, మలుపు బయటి అంచున, పెద్ద నల్లమద్ది చెట్టు. దాని మొదట్లో ఎర్రగుడ్డలు చుట్టిన రాయి, మట్టి గుర్రాలు, వాడిన పూలు. ఆ దారిన పోయేవాళ్లందరికీ గుట్టమ్మ తల్లి ఆవిడ. చెట్టు వెనక లోయ. తల్లి ముంగిట్లోనే బండి ఎడమవైపుకు ఒరిగి పడింది.

సునీల్ రోడ్డుమీద బోర్లా పడుకున్నంత పని చేశాడు. టేపు రెండో కొస కరుణశ్రీ చేతికిచ్చాడు. అరకు తీసుకెళ్తారనుకుంటే టేపు పట్టిస్తున్నారు అని ఆమె అంటే, జీపు డ్రైవర్‌కు తెలుగు రాకపోయినా నవ్వాడు. తారు మీద ఇనుము గీసుకున్న తెల్లటి చార, పగిలిన అద్దం ముక్కలు, చెమ్మకు కాస్త కుంగిన మట్టి అంచులో వడ్ల మూట పడిన గుంట. అన్నిటినీ సునీల్ ఆమెకు పేరుపేరునా పరిచయం చేశాడు, చుట్టాలను చూపించినట్టు.

"మూట పడిన ఈ చోటు చూడు. జోరుగా పోయే బండి మీంచి పడితే ముందుకు ఎగిరి ఎక్కడో పడాలి. ఇది దింపినట్టు పడింది. చార కూడా పొట్టిదే. చెట్టు ఆపిందేమో అనుకుంటే బెరడు గీసుకుందంతే, చెట్టుకు దెబ్బే లేదు."

"అంటే మెల్లగానే వెళ్లాడు కదండీ!"

"మెల్లగానే. కాని అంత మెల్లగా వెళ్తే ఈ మలుపులో ఆ బండి పడకూడదు."

"పడింది కదా."

"అదే నాకూ అర్థం కానిది."

అతను మోకాళ్లు దులుపుకుని విడమరచి చెప్పాడు. మలుపులో బండిని బయటికి తోసే బలం ఒకటుంటుంది. వేగం పెరిగేకొద్దీ అది పెరుగుతుంది. బండి వెడల్పుగా ఉండి, బరువు కిందకి ఉంటే ఆ తోపుకు నిలుస్తుంది. ఇరుకుగా ఉండి, బరువు పైకెక్కితే పడుతుంది. వడ్ల మూటలు కింద పరిచి, వాటిమీద జనం కూర్చుంటే ఈ బండి పడడానికి ఇప్పుడు కనిపిస్తున్నదానికి దాదాపు రెట్టింపు వేగం కావాలి. ఈ రెండూ కలవడం లేదు. ఎందుకు పడిందో చెప్పలేకపోతే, మిగతా గుర్తులు వానకు చెరిగిపోయాయి, వేగమే కారణం అని థానేదార్ కాగితం మూసేస్తాడు. ఆవపల్లి వైపు రోగం రొష్టూ వస్తే పిలిస్తే పలికే బండి వెంకన్నదొక్కటే. అది కూడా పోతుంది.

అక్కడినుంచి ఆవపల్లిలో వెంకన్న ఇంటికి వెళ్లారు. జీపు వాళ్లను దింపి ఇంకేదో పనిమీద పోయింది. వెంకన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు, మొహాన గీరుకుపోయిన గాయాలు. వీళ్లను చూసి లేవబోయి, సిగ్గుపడి, మళ్లీ కూర్చున్నాడు. పక్కన సమ్మక్క, చేతికి పిండికట్టు. బండిలో ఉన్నవాళ్లలో పెద్దది ఆమే. ఎవరికీ ప్రాణాపాయం లేకుండా తల్లి కాచిందని మాటమాటకీ చెంపలు వేసుకుంటోంది, ఒక్క చేత్తోనే.

బండి ఒరిగినప్పుడు మీరంతా ఏం చేస్తున్నారని సునీల్ అడిగాడు. కూర్చున్నాం అంది సమ్మక్క. ఇరుగుపొరుగు చేరి, ఔను కూర్చున్నాం అన్నారు. అందరూ ఒకే మాట, అందరూ నేల చూపులు.

"జోరుగా వెళ్లావా వెంకన్నా? నాకు నిజం చెప్పు."

"లేదు సారు."

"మరి?"

వెంకన్న మొహం గోడకేసి తిప్పుకున్నాడు. "తప్పు నాదే సారు. ఆపాల్సిన కాడ ఆపలే. గట్లనే రాసుకోండ్రి."

థానాలో ఉన్న బండి బ్రేకులు సునీల్ పొద్దున్నే చూశాడు, అవి బాగానే ఉన్నాయి. అంతకంటే వెంకన్న ఒక్క ముక్క చెప్పలేదు. బయలుదేరేటప్పుడు మాత్రం కరుణశ్రీని అడిగాడు: "చెల్లె, చారు మంచిగైందా ఆ రోజు?" ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

తిరుగు ప్రయాణం ఆవపల్లి బస్సులో. సునీల్ కళ్లు మూసుకుని పెదవులు కదుపుతున్నాడు. లెక్కలు. కరుణశ్రీ కిటికీ పక్కన కూర్చుని ఎదుటి సీటు పిల్లకు పులిహోర పెడుతోంది. ఘాటీ వచ్చింది. బస్సు మలుపు తిరుగుతుండగా డ్రైవర్ వేగం తగ్గించాడు. అంతే, ఎవరో చెప్పినట్టు బస్సంతా లేచి నిలబడింది. ముసలివాళ్లు, చంకన పిల్లలున్నవాళ్లు, కోడిని పట్టుకున్నవాళ్లు, అందరూ ఎడమ కిటికీలవైపు ఒరిగి నుదురు ముట్టుకుని గుండె ముట్టుకున్నారు. కుడివైపు వాళ్లు కూడా ఎడమకు వచ్చేశారు. జనాన్ని చూసి కరుణశ్రీ కూడా తెలియకుండానే లేచింది. వెనకాల ఎవరిదో బరువు మీదపడి, ఆమె పెళ్లిగాజులు కిటికీ ఊచకు తగిలి గలగలమన్నాయి. నిద్రలో పక్కకు ఒత్తిగిల్లిన మనిషిలా బస్సు కొంచెం ఎడమకు ఒరిగి, మళ్లీ సర్దుకుంది.

జనం కూర్చున్నారు. కరుణశ్రీ కూర్చోలేదు. సునీల్ భుజం పట్టుకుని ఊపింది.

"ఏవండీ, వాళ్లు కూర్చోలేదు."

"ఎవరు?"

"బండిలో వాళ్లు. ఈ మలుపులో ఎవరూ కూర్చోరు."

సునీల్ కళ్లు తెరిచాడు. వెనక్కి తిరిగి, దూరమవుతున్న మద్దిచెట్టును చూశాడు. తర్వాత పెళ్లాన్ని చూశాడు, తాళి కట్టేటప్పుడు కూడా అంత తేరిపార చూడలేదు. ఆ మాట మాత్రం కరుణశ్రీ లెక్క.

ఇంటికి రాగానే చెప్పులు కూడా సరిగ్గా విప్పకుండా పెళ్లిపీట కిందికి దించారు. పసుపు ఇంకా పోలేదు దానికి. చెప్పుల అట్టపెట్టె బండి అయింది. బిందు పెళ్లికి కానుకగా ఇచ్చిన గోళ్లరంగు సీసాలు జనమయ్యాయి, ఎరుపు, గులాబీ, వంకాయరంగు. పెట్టె జారిపోకుండా కింది అంచున అప్పడాల కర్ర అడ్డం పెట్టారు. పీట ఒక పక్క మెల్లగా ఎత్తితే ఆ వాలే మలుపులో తోపు అని సునీల్ చెప్పాడు.

ముందు సీసాలను పెట్టె అడుగున పడుకోబెట్టారు. సునీల్ పీట ఎత్తాడు, ఇంకా ఎత్తాడు, పెట్టె కదల్లేదు. చాలా ఎత్తాక గాని పడలేదు. తర్వాత కరుణశ్రీ లోపల గిన్నె బోర్లించి, దానిమీద సీసాలన్నిటినీ నిలబెట్టి, ఒక పక్కకు చేర్చింది. సునీల్ పీట ఎత్తాడు. ఎత్తీ ఎత్తకముందే పెట్టె అప్పడాల కర్ర మీంచి తలకిందులై సీసాలన్నీ గదిలో దొర్లాయి.

పోలమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"పెళ్లిపీట మీద ఇదేటాట? ఎవులైనా సూస్తే ఏటనుకుంటారు?"

కరుణశ్రీ ఎగిరి ఆవిడ మెడ కావలించుకుంది. మంచం కిందకు దొర్లిన వంకాయరంగు సీసాను పోలమ్మే తీసి, ఇంకోసారి పడేయండి చూస్తాను అంది.

కాని పెట్టె పడితే చాలదు. బండిలో జనం లేచారని బండిలో జనమే చెప్పాలి. మళ్లీ ఆవపల్లి వెళ్లారు. ఈసారి సునీల్ ఏమీ అడగలేదు. కరుణశ్రీ సమ్మక్క పక్కన చాప మీద కూర్చుని, బస్సులో తనూ లేచి మొక్కానని, పడబోయానని చెప్పింది. ముసలామె చాప మీద ఆమెకు దగ్గరగా జరిగింది.

"నువ్వు గూడ మొక్కినవా బిడ్డా?"

"మొక్కానమ్మమ్మా."

అప్పుడు చెప్పింది. ఆ మలుపులో వెంకన్న ఎప్పుడూ బండి ఆపుతాడు. చక్రం కింద రాయి పెడతాడు, అందరూ దిగి మొక్కి ఎక్కుతారు. ఆ రోజు దారిలో, బండిలో ఉన్న గర్భిణి దేవేకు నొప్పులు మొదలయ్యాయి. తొలిచూలు. ఆసుపత్రికి తొందరగా చేర్చాలని వెంకన్న ఆపలేదు. ఆపకపోయేసరికి, దేవే కోసమే, అందరూ ఉన్నచోటే లేచి, తల్లి వైపు ఒంగి మొక్కారు. అందరికంటే ముందు లేచింది సమ్మక్కే. మలుపు అంచున మట్టి కుంగి ఉంది. బండి వాళ్లతోపాటే ఒరిగింది.

థానాలో ఎందుకు చెప్పలేదని సునీల్ అడిగాడు.

"ఏం జెప్పాలె సారు? తల్లికి మొక్కంగ బండి పడ్డదని పోలీసోళ్ల కాయితంల రాస్తరు. తల్లి పడేసిందన్నట్టు గాదా? ఆమె పట్టుకున్నది గన్కనే చెట్టుకాడ ఆగినం. లేకుంటే లోయల ఉందుం."

వెంకన్న కూడా అందుకే నోరు మూసుకున్నాడు. మొక్కినవాళ్ల మీద, మొక్కించుకున్న తల్లి మీద మాట రాకూడదని, ఆపని తప్పు తన నెత్తినే వేసుకున్నాడు. లైసెన్సు పోతే పోనీ అనుకున్నాడు. కరుణశ్రీ సునీల్ వైపు చూసింది. ఇప్పుడు ఏం రాస్తాడు? ఉన్నది రాస్తే వీళ్ల మనసు విరుగుతుంది. రాయకపోతే లెక్క అబద్ధమవుతుంది.

సునీల్ కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"అవ్వా, మలుపులో అందరూ ఒక్కసారిగా లేచి ఎడమవైపు ఒరిగారు అని రాస్తాను. అంతవరకు చెబుతారా?"

"ఎందుకు లేసిన్రని అడిగితే?"

"ఎందుకు లేచారో నా లెక్కకు అక్కర్లేదు. ఎటు ఒరిగారో చాలు."

వెంకన్న తలెత్తాడు. మంచం మీద కూర్చున్న మనిషి ఆ రోజు మొదటిసారి నిటారుగా కూర్చోవడం కరుణశ్రీ చూసింది. గట్లయితే జెప్తం అంది సమ్మక్క.

థానాకు పెళ్లిపీట తువ్వాలులో చుట్టి తీసుకెళ్లారు. కొత్త చీరలో పీట మోసుకొచ్చిన పెళ్లికూతుర్ని చూసి గుమ్మంలో సిపాయి ఏదో పెళ్లి గొడవ అనుకున్నాడట. థానేదార్ ముందు నమ్మలేదు. అంత చిన్న విషయానికి బండి పడుతుందా అన్నాడు. సునీల్ మూట గుంటా, చార పొడుగూ, బెరడు గీతా ఒక్కొక్కటే చెప్పాడు. సమ్మక్క, మిగతా నలుగురూ వచ్చి తాము లేచిన మాట చెప్పారు. తర్వాత థానేదార్ తానే పీట ఎత్తాడు. సీసాలు పడ్డాయి. పడుకోబెట్టి ఎత్తాడు, పడలేదు. మళ్లీ నిలబెట్టాడు. అలా ఆయన ఎంతసేపు ఆడుకున్నాడంటే, చివరికి గులాబీరంగు సీసా మూత ఊడి బల్ల మీద ఒలికింది. ఆ మరక ఇప్పటికీ ఉంది.

అతివేగం మాట కొట్టేశారు. లైసెన్సు నిలిచింది. సరుకు బండిలో మనుషులను ఎక్కించినందుకు మాత్రం వెంకన్నకు చలాన్ పడింది. అది న్యాయమేనని అతనే తలూపాడు, సునీల్ కూడా ఆ మాట దాచకుండా రాశాడు. మలుపు అంచున కుంగిన మట్టిని రాళ్లు పోసి గట్టిచేశారు.

దేవేకు బండి పడిన రోజే, అంబులెన్సు ఆసుపత్రికి చేర్చాక, ఆడపిల్ల పుట్టింది. పాప ఇంటికి వచ్చిందని తెలిసి కరుణశ్రీ కుట్టించిన చిన్న గౌను పట్టుకుని, సునీల్‌తో మళ్లీ ఆ బస్సెక్కింది. ఆవపల్లిలో పాపను ఎత్తుకుంది, ముద్దాడింది, పాప ఆమె కొత్త చీర తడిపింది. దానికీ మురిసిపోయింది. వచ్చేటప్పుడు బీజాపూర్‌లో చెయ్యి చూపించుకోవడానికి సమ్మక్క కూడా అదే బస్సులో ఎక్కింది. ఘాటీ రాగానే ఎవరో లేవబోయారు.

"కూసో," అంది సమ్మక్క. "ఏం డ్రైవరూ, ఆపరాదు? దిగి మొక్కుతరు."

డ్రైవర్ గొణిగాడు, కాని ఆపాడు. అందరూ దిగారు. అక్కడ అప్పటికే ఒక పికప్ ఆగి ఉంది, తలుపు మీద సొట్టలు తీసిన గుర్తులు, చక్రం కింద రాయి, వెనక టమాటా బుట్టలు. వెంకన్న మద్దిచెట్టు దగ్గర నిలబడి దండం పెడుతున్నాడు. వీళ్లను చూసి గబగబా ఒక బుట్ట దించి సునీల్ చేతుల్లో పెట్టేశాడు.

కరుణశ్రీ కళ్లు మూసుకుంది. ఏమీ అడగాలనిపించలేదు. బెరడు మీది గీతకు, పొగ కక్కిన కారుకు, బిందు ఇచ్చిన సీసాలకు, గునుస్తూ మూత బిగించే అత్తగారికి, వంగని లెక్కకు, ఆ లెక్క చేసేవాడికి, అన్నిటికీ కలిపి ఒక్కటే దండం పెట్టింది. కళ్లు తెరిచేసరికి సునీల్ బుట్ట చంకన పెట్టుకుని, తల వంచి, కొత్తగా పోసిన రాళ్ల అంచును కాలితో నొక్కి చూస్తున్నాడు.

"ఏంది సారూ," అంది సమ్మక్క, "మొక్కుతున్నవా, కొలుస్తున్నవా?"

"రెండూ అవ్వా," అన్నాడు సునీల్.

బుట్టలోంచి ఒక టమాటా జారి కిందపడి, గట్టిచేసిన అంచుదాకా దొర్లి, అక్కడే ఆగింది. కరుణశ్రీ దాన్ని తీసి కొంగుతో తుడిచింది. రాత్రికి చారు పెట్టాలి.